రెండు రౌటర్ల మధ్య డైరెక్ట్ ఫైబర్ లింకు: ఓఎస్‌పీఎఫ్‌ను బ్రాడ్‌కాస్ట్‌లోనే ఉంచాలా, పాయింట్-టు-పాయింట్ చేయాలా?

నల్గొండ_కేబుల్_నెట్
మాది ఉమ్మడి నల్గొండలో చిన్న బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్. మొదట కేబుల్ టీవీ, తర్వాత ఇంటర్నెట్. నల్గొండ, నకిరేకల్, సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ఐదు చోట్ల రౌటర్లు పెట్టి రింగు చేశాం. ఐదు లింకులు, ఒక్కోదానికి ఒక /30 (రెండు రౌటర్లకు సరిపోయే చిన్న సబ్‌నెట్). లోపల ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్), అంతా ఏరియా 0, అంటే అన్నీ ఒకే గుంపు. నెట్‌వర్క్ టైపు (లింకు ఎలాంటిదో ఓఎస్‌పీఎఫ్‌కు చెప్పే సెట్టింగు) గురించి అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు. ఈథర్నెట్ పోర్టు కాబట్టి దానంతట అదే బ్రాడ్‌కాస్ట్ అయింది.

పోయిన వారం నకిరేకల్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ దిగిపోయి రౌటర్ ఆగింది. నేను అక్కడే ఉన్నా. కరెంటు వచ్చింది, రౌటర్ లేచింది, నల్గొండ వైపు, సూర్యాపేట వైపు రెండు పోర్టుల లైట్లూ పచ్చగా వెలిగాయి. రూట్లు మాత్రం లేవు. లైటు వెలిగినప్పటి నుంచి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశా: 47 సెకన్లు. అంతలోనే కస్టమర్ల ఫోన్లు. "కరెంటొచ్చింది, నెట్ ఎప్పుడొస్తది?" ఇది ఒక్కసారి కాదు, పోర్టు పడి లేచిన ప్రతిసారీ ఇంతే.

మా సీనియర్ "ఈథర్నెట్ అంటేనే బ్రాడ్‌కాస్ట్, డిఫాల్ట్‌ను కదిలించొద్దు" అంటారు. కొత్తగా చేరిన తమ్ముడు "అన్నీ పాయింట్-టు-పాయింట్ చేసేద్దాం అన్నా" అంటాడు. ఇద్దరి మాటా కొట్టిపారేయలేను.

ఇంకో రెండు చోట్లు కూడా ఉన్నాయి. నల్గొండ ఆఫీసులో ఒక స్విచ్, ఒకే వీలాన్‌లో (స్విచ్‌లో విడదీసిన ఒక నెట్‌వర్క్) నాలుగు రౌటర్లు. దేవరకొండ వైపు ఒక టవర్ మీద సెక్టార్ రేడియో, దాని కింద ఐదు ఊళ్ల రేడియోలు. వీటికి ఏ టైపు పెట్టాలి?

పాలమూరు_రౌటింగ్
రింగులో ఐదు లింకులూ పాయింట్-టు-పాయింట్. ఆలోచించే పనే లేదు. ఆఫీసు స్విచ్ బ్రాడ్‌కాస్ట్. టవర్ సంగతి వేరే, దానికి వైర్‌లెస్ వాళ్లను రానివ్వండి.

జడ్చర్ల_ఎన్‌వోసీ
ఆ 47 సెకన్లు ఎక్కడివో ముందు తెలుసుకోండి, అప్పుడు మీ సీనియర్‌కు మీరే చెప్పగలరు.

బ్రాడ్‌కాస్ట్ టైపులో పోర్టు లేవగానే రౌటర్ వెయిటింగ్ అనే స్థితిలోకి వెళ్తుంది. "ఈ తీగ మీద ఇప్పటికే డీఆర్ (డెసిగ్నేటెడ్ రౌటర్, అందరి తరఫున పెద్ద) ఎవరైనా ఉన్నారేమో, తొందరపడి నేనే పెద్దనని చెప్పుకోకూడదు" అని ఆగుతుంది. ఎంతసేపు? డెడ్ టైమర్ ఎంతో అంతసేపు. బ్రాడ్‌కాస్ట్‌కు హలో (నేనున్నానని పంపే పలకరింపు) 10 సెకన్లు, డెడ్ (హలో రాకపోతే అవతలివాడు పోయాడనుకునే గడువు) 40. కాబట్టి 40 సెకన్లు ఊరికే కూర్చుంటుంది. ఆ తర్వాత ఎన్నిక, ఆ తర్వాత డేటాబేస్ మార్పిడి, అప్పుడు ఫుల్ (జత పూర్తయిన స్థితి), అప్పుడు రూట్లు. మీ 47లో 40 ఇవే.

అసలు డీఆర్ ఎందుకు పెట్టారు? ఒకే స్విచ్ మీద పది రౌటర్లు ఉంటే అందరూ అందరితో డేటాబేస్ మార్చుకుంటే 45 జతలు. డీఆర్, బీడీఆర్ (దాని బ్యాకప్) ఉంటే మిగతావాళ్లు ఆ ఇద్దరితోనే మాట్లాడతారు, 17 జతలతో పని అయిపోతుంది. పది మంది ఉన్న చోట అది మంచి ఏర్పాటు. మీ లింకు మీద ఉన్నది ఇద్దరే. ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోవడానికి మధ్యలో పెద్దమనిషిని ఎన్నుకుని, ఆ ఎన్నిక కోసం 40 సెకన్లు ఆగడం ఎందుకు?

పాయింట్-టు-పాయింట్ పెడితే వెయిటింగ్ లేదు, ఎన్నిక లేదు. హలో అందింది, అవతలివాడి హలోలో నా పేరు కనిపించింది, వెంటనే డేటాబేస్ మార్పిడి మొదలు. డీఆర్ పుట్టించే టైప్ 2 ఎల్‌ఎస్‌ఏ (ఆ నెట్‌వర్క్ మీద ఎవరెవరున్నారో చెప్పే రికార్డు) కూడా ఉండదు.

మిర్యాల_మిల్లు_నెట్
జడ్చర్ల అన్నా, ఒక అనుమానం. మా దగ్గరా అన్నీ బ్రాడ్‌కాస్టే. కానీ ఒక లింకు మాత్రం అవతలి రౌటర్ రీబూట్ అయిన తర్వాత పది సెకన్లలోపే లేస్తుంది, 40 సెకన్లు ఆగదు. అదెట్లా?

జడ్చర్ల_ఎన్‌వోసీ
ఆ లింకు మధ్యలో స్విచ్ గానీ, మీడియా కన్వర్టర్ గానీ ఉందా?

మిర్యాల_మిల్లు_నెట్
ఉంది. లీజుకు తీసుకున్న లింకు. మధ్యలో వాళ్ల స్విచ్‌లే రెండో మూడో ఉన్నాయి.

జడ్చర్ల_ఎన్‌వోసీ
అదే కారణం. అవతలి రౌటర్ ఆగిపోయినా మీ పోర్టు పడిపోలేదు, ఎందుకంటే మీ పోర్టు చూసేది స్విచ్‌ను. మీ రౌటర్ డెడ్ టైమర్ అయ్యాక తానే డీఆర్‌గా ఉండిపోయింది. అవతలిది లేచి మీ హలో వినగానే "ఇక్కడ డీఆర్ ఉన్నారు, బీడీఆర్ లేరు" అని తెలిసింది. తన పేరు కూడా మీ హలోలో కనిపించగానే వెయిటింగ్ నుంచి బయటికి వచ్చేసింది.

నకిరేకల్‌లో ఫైబర్ నేరుగా రౌటర్ నుంచి రౌటర్‌కు ఉంది. అక్కడ కరెంటు పోతే ఇక్కడ కూడా లైటు పోతుంది. తిరిగి వచ్చినప్పుడు రెండు వైపులా పోర్టు కొత్తగా లేచినట్టే, రెండు వైపులా వెయిటింగే. ఒకరి కోసం ఒకరు ఆగుతూ కూర్చుంటారు.

నల్గొండ_కేబుల్_నెట్
ఇన్నేళ్లలో ఇట్లా ఎవరూ విడమరిచి చెప్పలేదు. రేపే మా సార్‌కు ఇది చూపిస్తా. మాకూ సూర్యాపేట-హుజూర్‌నగర్ లింకు లీజుదే, మధ్యలో వేరేవాళ్ల స్విచ్‌లు ఉన్నాయి. మిగతా నాలుగు మా సొంత ఫైబర్.

గద్వాల_గిగాబిట్
సీనియర్ మాట పూర్తిగా తీసేయొద్దు. డిఫాల్ట్ మంచిదని కాదు, మార్చే పద్ధతిలో ప్రమాదం ఉందని.

రెండేళ్ల కింద నేనే చేసిన పని చెప్తా. రాత్రి ఒంటిగంటకు ఒక లింకు పాయింట్-టు-పాయింట్ చేద్దామని కూర్చున్నా. నా వైపు మార్చాను. నైబర్ (అవతలి రౌటర్‌తో జత) పడి మళ్లీ లేచింది, ఫుల్ అని వచ్చింది. సంతోషం. అవతలి వైపు తెల్లారాక చేద్దామని పడుకున్నా. పది నిమిషాల్లో ఫోన్. అవతలి ఊరు మొత్తం నెట్ లేదు. నైబర్ లిస్టు చూస్తే ఫుల్. హలోలు వస్తున్నాయి, పోతున్నాయి. రూటింగ్ టేబుల్‌లో మాత్రం అటువైపు రూటు ఒక్కటీ లేదు. ముప్పావు గంట ఫైబర్‌ను, ఎస్‌ఎఫ్‌పీని (ఫైబర్ గుచ్చే మాడ్యూల్) అనుమానించా, లైన్‌మన్‌ను కూడా లేపా.

చివరికి డేటాబేస్ తెరిచి చూస్తే అవతలి రౌటర్ ఎల్‌ఎస్‌ఏ మీద "అడ్వ్ రౌటర్ ఈజ్ నాట్-రీచబుల్" అని ఉంది. అప్పుడు అర్థమైంది. బ్రాడ్‌కాస్ట్‌కూ, పాయింట్-టు-పాయింట్‌కూ టైమర్లు ఒకటే, 10, 40. హలోలో నెట్‌వర్క్ టైపు అనే గడి లేదు. కాబట్టి నైబర్ హాయిగా ఫుల్ అవుతుంది. కానీ ఒకడు తన ఎల్‌ఎస్‌ఏలో "నేను ఫలానా రౌటర్‌కు నేరుగా కట్టుకున్నా" అని రాస్తాడు, ఇంకొకడు "నేను ఒక నెట్‌వర్క్‌కు కట్టుకున్నా, దాని డీఆర్ ఫలానా" అని రాస్తాడు. ఎస్‌పీఎఫ్ (దగ్గరి దారి వెతికే) లెక్కలో రెండు వైపుల రాతా ఒకదానికొకటి కుదరాలి. కుదరకపోతే ఆ లింకు లేనట్టే.

నా బాధ ఏందంటే, ఇది ఫుల్ అని చూపిస్తుంది. పడిపోయి ఉంటే వెంటనే తెలిసేది.

పాలమూరు_రౌటింగ్
గద్వాల అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. గుర్తుపట్టడానికి ఒక చిన్న ఆనవాలు ఉంది. నైబర్ లిస్టులో పాయింట్-టు-పాయింట్ వైపు ఫుల్ పక్కన ఒక గీత మాత్రమే ఉంటుంది. బ్రాడ్‌కాస్ట్ వైపు ఫుల్ పక్కన డీఆర్, బీడీఆర్ లాంటి హోదా ఉంటుంది. రెండు వైపులా గీత ఉంటేనే పని అయినట్టు.

నల్గొండ_బీటెక్
నేను ఇంకా నేర్చుకుంటున్నా. మా ల్యాబ్‌లో నాలుగు రౌటర్లు ఒక స్విచ్ మీద పెడితే రెండు రౌటర్ల మధ్య టూ-వే (ఒకరి హలో ఒకరికి అందిన స్థితి) దగ్గరే ఆగిపోయింది. గంటన్నర నుంచి చూస్తున్నా, ఫుల్ అవ్వట్లేదు. టైపు మార్చాలా?

కృష్ణాతీరం_సీసీఎన్‌పీ
మార్చొద్దు తమ్మీ, అది తప్పు కాదు. ఆ ఇద్దరూ డీఆర్ కాదు, బీడీఆర్ కాదు. బ్రాడ్‌కాస్ట్‌లో అలాంటి ఇద్దరి మధ్య టూ-వే దగ్గర ఆగడమే సరైన స్థితి. వాళ్లిద్దరూ డీఆర్‌తో, బీడీఆర్‌తో ఫుల్ ఉన్నారా లేదా అది చూడు.

ఎక్స్‌స్టార్ట్ (డేటాబేస్ మార్పిడి మొదలయ్యే స్థితి) దగ్గర ఆగితే మాత్రం కంగారు పడాలి. ఎక్కువ సార్లు రెండు వైపులా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ట సైజు) తేడా ఉంటుంది.

నల్గొండ_బీటెక్
థ్యాంక్స్ అక్కా. ఉన్నారు, ఇద్దరితోనూ ఫుల్. అనవసరంగా టెన్షన్ పడ్డా.

కృష్ణాతీరం_సీసీఎన్‌పీ
నల్గొండ_కేబుల్_నెట్ ఆఫీసు స్విచ్ గురించి కూడా ఇక్కడే చెప్తా. నాలుగు రౌటర్లు ఒకే వీలాన్‌లో ఉంటే బ్రాడ్‌కాస్టే ఉంచండి. నలుగురికి డీఆర్ వల్ల పెద్ద ఆదా లేదు, ఆరు జతలు ఐదు అవుతాయి, అంతే. కానీ రేపు ఐదోది, ఆరోది పెడతారు కదా.

ఒక్కటి మాత్రం మీ చేతుల్లోకి తీసుకోండి: ప్రయారిటీ. మీరు చెప్పకపోతే అందరికీ ఒకే ప్రయారిటీ ఉండి, రౌటర్ ఐడీ పెద్దదైనవాడు డీఆర్ అవుతాడు. అది ఏ మూలన ఉన్న చిన్న డబ్బానో కావచ్చు. గట్టి రౌటర్లు రెండింటికి ఎక్కువ ప్రయారిటీ ఇవ్వండి, చిన్నవాటికి 0 పెట్టండి. 0 అంటే ఎప్పటికీ డీఆర్ కాదు. ప్రయారిటీ మార్చగానే డీఆర్ మారిపోతుందని అనుకోకండి. ఉన్న డీఆర్ పడిపోయేదాకా కొత్తవాడు ఎంత పెద్దవాడైనా ఆగాల్సిందే. వేర్వేరు కంపెనీల రౌటర్లు కలిసి ఉంటే ఇంకో జాగ్రత్త: సిస్కోలో డిఫాల్ట్ ప్రయారిటీ 1, జునిపర్‌లో 128. ఎవరి డిఫాల్ట్ ఎంతో చూసి చేత్తో రాయండి.

మిర్యాల_మిల్లు_నెట్
మా సర్వర్ రూమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పాత చిన్న రౌటర్ డీఆర్‌గా కూర్చుంది. దాని ఫ్యాన్ ఆగిపోయి గంటకోసారి రీస్టార్ట్ అవుతుంటే, ఆ స్విచ్ మీద ఉన్న అందరూ దానితో పాటు ఊగారు. 0 పెట్టాక ప్రశాంతం.

పాత_ఫ్రేమ్_రిలే
మీ చర్చ చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. ఈ టైపులన్నీ ఎందుకు పుట్టాయో కొత్త పిల్లలకు ఒక్క మాట. జాన్ మోయ్ రాసిన ఓఎస్‌పీఎఫ్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2328 వచ్చింది 1998 ఏప్రిల్‌లో. అప్పుడు ఊళ్ల మధ్య ఈథర్నెట్ లేదు. సీరియల్ లైన్లు, ఎక్స్.25, ఫ్రేమ్ రిలే. ఫ్రేమ్ రిలేలో ఒకే సబ్‌నెట్‌లో ఇరవై మంది ఉంటారు, కానీ ఒకడు అరిస్తే అందరికీ వినపడదు. అందుకే ఎన్‌బీఎంఏ అనే టైపు: నైబర్ల అడ్రస్‌లు చేత్తో రాయాలి, హలో 30, డెడ్ 120, డీఆర్ ఉంటాడు. ఆ రాతలో ఒక్క అంకె తప్పితే ఒక బ్రాంచి రోజంతా మూగబోయేది. పాయింట్-టు-మల్టీపాయింట్ వచ్చాక మాకు ఊపిరి ఆడింది.

అందుకే టైపు ఎన్నుకునేటప్పుడు తీగ పేరు చూడకండి. రెండే ప్రశ్నలు: ఈ లింకు మీద ఎంతమంది ఉన్నారు? ప్రతివాడి మాటా ప్రతివాడికి వినపడుతుందా?

వనపర్తి_వైర్‌లెస్
పెద్దాయన అడిగిన రెండో ప్రశ్నే మా బతుకు. టవర్ గురించి నేను చెప్తా, కాస్త పొడుగు అవుతుంది.

మాకు గుట్ట మీద టవర్, ఆరు ఊళ్ల రేడియోలు. చూడటానికి ఒకే సబ్‌నెట్, స్విచ్ లాగే ఉంటుంది. అందరిలా బ్రాడ్‌కాస్ట్ పెట్టాం. కానీ సెక్టార్‌లో క్లయింట్ ఐసోలేషన్ ఆన్‌లో ఉంటుంది, ఒక ఊరి రేడియో ప్యాకెట్ ఇంకో ఊరికి నేరుగా పోదు. ఒకరోజు టవర్ రౌటర్ రీస్టార్ట్ అయింది. ఆ కాసేపట్లో ఊళ్లలో రౌటర్లు ఒకరి హలో ఒకరికి వినపడక, ఎవరికి వారే డీఆర్ అయి కూర్చున్నారు. టవర్ రౌటర్ లేచేసరికి ఆరుగురు డీఆర్‌లు. రెండు ఊళ్లు లేచాయి, నాలుగు లేవలేదు.

అప్పుడు ఊళ్లన్నిటికీ ప్రయారిటీ 0 పెట్టి టవర్‌నే డీఆర్ చేశాం. అందరూ ఫుల్. ఇంటర్నెట్ వచ్చింది. పని అయిపోయిందనుకున్నాం. వారం తర్వాత ఒక ఊళ్లో కెమెరాలు, రెండో ఊళ్లో రికార్డర్ పెట్టారు. రికార్డర్‌కు ఒక్క బొమ్మ రాలేదు. రూటు ఉంది. ఆ రూటు నెక్స్ట్ హాప్ చూస్తే అవతలి ఊరి రేడియో సొంత ఐపీ. ఏఆర్‌పీ టేబుల్‌లో (ఏ ఐపీ ఏ డబ్బాదో రాసుకునే చోట) ఆ ఐపీ ఎదురుగా ఇన్‌కంప్లీట్, అంటే జవాబు లేదు. తెలిసిపోయింది. బ్రాడ్‌కాస్ట్ అంటే "ఈ తీగ మీద అందరూ అందరికీ నేరుగా అందుతారు" అని ఓఎస్‌పీఎఫ్‌కు మనం మాట ఇచ్చినట్టు. అది నమ్మి నేరుగా పంపింది. ఆ దారి అక్కడ లేదు.

పాయింట్-టు-మల్టీపాయింట్ చేశాం. డీఆర్ లేడు. టవర్‌కూ ప్రతి ఊరికీ మధ్య విడివిడి లింకు ఉన్నట్టే లెక్క. ఒక్కో రేడియో ఐపీకి ఒక /32 (ఒక్క అడ్రస్‌కే) రూటు వచ్చింది, ఊరి నుంచి ఊరికి పోయేది టవర్ మీదుగా పోయింది. కెమెరా బొమ్మలు ఆ సాయంత్రమే వచ్చాయి.

నల్గొండ_కేబుల్_నెట్
మా దేవరకొండ టవర్ కింద ఇంతవరకు ఊరికీ ఊరికీ ట్రాఫిక్ లేదు, అందుకే బయటపడలేదు కాబోలు. ఐసోలేషన్ ఆన్‌లోనే ఉంది, ఇప్పుడే చూశా. టైమర్లు ఏమైనా మార్చాలా? టవర్ మీద ఒక కంపెనీ రౌటర్, ఊళ్లలో మైక్రోటిక్.

వనపర్తి_వైర్‌లెస్
తప్పకుండా చూడండి. సిస్కోలో పాయింట్-టు-మల్టీపాయింట్ పెడితే హలో 30, డెడ్ 120 అవుతాయి. మైక్రోటిక్‌లో టైపు మార్చినా హలో 10, డెడ్ 40 గానే ఉంటాయి. రెండూ కలవకపోతే నైబర్ అసలు పుట్టదు. రెండు వైపులా చేత్తో ఒకే అంకె రాయండి. మేం 10, 40 రాశాం.

ఇంకో సంగతి. రేడియో మీద మల్టీకాస్ట్ (ఒకేసారి అందరికీ పంపే) ప్యాకెట్‌కు అందినట్టు జవాబు ఉండదు, పోతే మళ్లీ పంపడం ఉండదు. హలోలు 224.0.0.5కు పోయేవి మల్టీకాస్టే. వాన పట్టిందంటే డేటా బాగానే పోతుంటుంది, హలోలు వరుసగా నాలుగు పోయి నైబర్ పడిపోతుంది. అలాంటి చోట హలో కూడా యూనికాస్ట్‌లో (ఒక్కొక్కరికి విడిగా) పోయే ఏర్పాటు మీ రౌటర్‌లో ఉంటే వాడండి.

జడ్చర్ల_ఎన్‌వోసీ
వనపర్తి తమ్ముడితో ఒక్కచోట నాకు పేచీ. ఐదు ఊళ్లే కదా, ఒక్కో రేడియోకు ఒక్కో వీలాన్ చేసి, ఒక్కోదాని మీద పాయింట్-టు-పాయింట్ పెట్టొచ్చు. ఏ ఊరు పడిందో మానిటరింగ్‌లో విడిగా కనిపిస్తుంది. ఒక్కో ఊరికి లింకు కాస్ట్ విడిగా పెట్టుకోవచ్చు. రాత్రి పూట నిద్రమత్తులో చూసేవాడికి ఒక్కటే రకం లింకు ఉంటే తప్పు తక్కువ.

వనపర్తి_వైర్‌లెస్
ఐదుకు బాగుంటుంది, ఒప్పుకుంటా. మాకు ఇప్పుడు అన్ని టవర్ల మీద కలిపి డెబ్బై దాకా ఉన్నాయి. డెబ్బై వీలాన్లు, డెబ్బై సబ్‌నెట్లు రాసుకునే ఓపిక మాకు లేదు. పైగా అన్ని రేడియోలూ వీలాన్లను ఒకేలా మోయవు.

గద్వాల_గిగాబిట్
నాదొక ప్రశ్న, ఇద్దరికీ. ఊరి రౌటర్‌కు బయటికి పోయే దారి టవర్ ఒక్కటే కదా. దానికి ఓఎస్‌పీఎఫ్ దేనికి? ఊళ్లో డిఫాల్ట్ రూటు, టవర్‌లో ఆ ఊరి సబ్‌నెట్‌కు స్టాటిక్ రూటు. ఏరియా 0లో ఊరి డబ్బాను తెచ్చి కూర్చోబెడితే అక్కడ కరెంటు పోయినప్పుడల్లా రింగు మొత్తం ఎస్‌పీఎఫ్ లెక్క మళ్లీ వేసుకోవాలి.

వనపర్తి_వైర్‌లెస్
రెండో దారి లేని ఊరికైతే మీరన్నదే మేలు. మాకు కొన్ని ఊళ్లకు రెండు టవర్ల నుంచి దారి ఉంది, అందుకే ఉంచాం.

నల్గొండ_కేబుల్_నెట్
మా ఐదు ఊళ్లలో రెండింటికే రెండో దారి ఉంది. మిగతా మూడింటికి స్టాటిక్ చేసే ఆలోచన బాగుంది.

తుంగతుర్తి_టెక్
పాయింట్-టు-పాయింట్‌కు ఒక లోపం కూడా చెప్పాలి, అంతా లాభమే అన్నట్టు మాట్లాడుతున్నారు. బ్రాడ్‌కాస్ట్‌లో సబ్‌నెట్ మాస్క్ రెండు వైపులా కలవకపోతే నైబర్ రాదు. పాయింట్-టు-పాయింట్‌లో ఆ పరీక్ష చేయరు, ఆర్‌ఎఫ్‌సీలోనే అలా ఉంది. ఒకవైపు /30, ఇంకోవైపు పొరపాటున /29 రాసినా ఫుల్ అయి కూర్చుంటుంది. మా దగ్గర ఏడాది తర్వాత పక్క సబ్‌నెట్ వాడబోతే బయటపడింది.

పాలమూరు_రౌటింగ్
మంచి మాట. అందుకే లింకులకు /31 వాడితే ఇంకా శుభ్రం. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 అందుకే. రెండు అడ్రస్‌లు, రెండు రౌటర్లు, వృథా లేదు, మూడోవాడికి చోటు లేదు. అన్ని డబ్బాలూ /31 ఒప్పుకుంటాయో లేదో ముందు బల్ల మీద పెట్టి చూసుకోండి.

/31 పెట్టినంత మాత్రాన టైపు దానంతట మారుతుందని అనుకోవద్దు. పోర్టు ఈథర్నెట్ అయితే బ్రాడ్‌కాస్ట్‌లోనే ఉంటుంది, మీరే మార్చాలి.

మిర్యాల_మిల్లు_నెట్
మిల్లుల నుంచి హైదరాబాద్ ఆఫీసుకు టన్నెళ్లు ఉన్నాయి మాకు. ఆ టన్నెళ్లకు కూడా ఇదే సూత్రమా?

కృష్ణాతీరం_సీసీఎన్‌పీ
ఒక మిల్లుకు ఒక టన్నెల్ అయితే, జీఆర్‌ఈ (మామూలు టన్నెల్ రకం) డిఫాల్ట్‌గానే పాయింట్-టు-పాయింట్, కదిలించొద్దు. ఒకే మల్టీపాయింట్ టన్నెల్ మీద అన్ని మిల్లులూ వస్తుంటే జాగ్రత్త. సిస్కోలో దానికి కూడా డిఫాల్ట్ పాయింట్-టు-పాయింటే ఉంటుంది. హబ్ ఒక్కడే నైబర్ ఉంటాడని అనుకుంటుంది, రెండో మిల్లు హలో రాగానే మొదటిదాన్ని వదిలేస్తుంది, మళ్లీ మొదటిది వస్తే రెండోదాన్ని. రోజంతా ఎగురుతూనే ఉంటాయి. అక్కడ పాయింట్-టు-మల్టీపాయింట్ పెట్టండి, రెండు కొసల్లోనూ. ఎంటీయూ కూడా రెండు వైపులా ఒకటే రాయండి.

మిర్యాల_మిల్లు_నెట్
"రోజంతా ఎగురుతూనే" అని మా ఆఫీసులో కూర్చుని రాసినట్టుంది అక్కా. మల్టీపాయింటే మాది. ఈ రాత్రికి చూస్తా.

గద్వాల_గిగాబిట్
మారుస్తున్నప్పుడు ఈ వరుస మర్చిపోవద్దు. నా దెబ్బ ఇంకొకరికి తగలకూడదు.

ముందు దూరం ఉన్న రౌటర్ మార్చండి, తర్వాత దగ్గరిది. దూరంది మార్చగానే ఈ లింకు మీదుగా దాని లూప్‌బ్యాక్‌కు (రౌటర్ సొంత అడ్రస్) ఉన్న రూటు పోతుంది, మీ లాగిన్ తెగొచ్చు. భయపడొద్దు. లింకు ఐపీ డైరెక్ట్ కనెక్టెడ్ కాబట్టి, దాని పక్క రౌటర్‌లో లాగిన్ అయి అక్కడి నుంచి లింకు ఐపీకి పోవచ్చు. అసలు మొదటి నుంచీ అలాగే పోతే ఇంకా మంచిది. సిస్కో అయితే మొదలుపెట్టే ముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టండి, పని అయ్యాక రద్దు చేయండి. జునిపర్ అయితే "కమిట్ కన్‌ఫర్మ్‌డ్". మైక్రోటిక్ అయితే సేఫ్ మోడ్. రింగు కాబట్టి ఒకసారి ఒక్క లింకే ముట్టుకోండి. రెండు కొసలూ అయ్యాక రూటింగ్ టేబుల్‌లో రూటు కళ్లతో చూసి, అప్పుడే రెండో లింకు.

జడ్చర్ల_ఎన్‌వోసీ
దీనికి ఒకటి కలుపుతా. సూర్యాపేట-హుజూర్‌నగర్ లీజు లింకు పాయింట్-టు-పాయింట్ చేసినా, మధ్య స్విచ్ వల్ల తెగినప్పుడు మీ పోర్టు పడదు. డెడ్ టైమర్ 40 సెకన్లు అయ్యేదాకా ట్రాఫిక్ గుంతలో పోస్తూనే ఉంటుంది. టైపు మార్చడం లేచేటప్పుడు ఆలస్యాన్ని తీస్తుంది, పడిపోయేటప్పుడు ఆలస్యాన్ని కాదు. ఆ లింకుకు బీఎఫ్‌డీ (లింకు తెగిందా అని వేగంగా చూసే ఏర్పాటు) పెట్టండి. 300 మిల్లీసెకన్లు, మూడుసార్లు అంటే సెకను లోపే తెలిసిపోతుంది. మీ రౌటర్ ప్రాసెసర్ మోయగలదో లేదో చూసి పెట్టండి.

నల్గొండ_బీటెక్
మరి పాయింట్-టు-పాయింట్ చేసిన లీజు వీలాన్‌లో పొరపాటున మూడో రౌటర్ వచ్చి చేరితే?

జడ్చర్ల_ఎన్‌వోసీ
బాగా అడిగావు. ఇందాక అక్క మిల్లుల టన్నెల్ గురించి చెప్పిన గొడవే అక్కడా వస్తుంది. లీజు లింకు ఇచ్చేవాడు వీలాన్ తప్పు కలిపితే ఇలాంటిది జరగొచ్చు. ఓఎస్‌పీఎఫ్‌కు ఆథెంటికేషన్ పెట్టుకుంటే కొత్తవాడి హలోను అసలు పట్టించుకోదు. సొంత ఫైబర్‌కైతే ఆ భయం లేదు.

నల్గొండ_కేబుల్_నెట్
పది రోజుల తర్వాత రాస్తున్నా. మా సార్‌కు వెయిటింగ్ సంగతి చూపించా. ఆయన నకిరేకల్ పోర్టును తానే ఒకసారి డౌన్ చేసి లేపి, నైబర్ లిస్టు ముందు కూర్చుని మొత్తం చూశారు. టూ-వే దగ్గర ఆగి ఆగి, 40 దాటాక కదిలింది. "చేద్దాం, కానీ నేను పక్కన ఉంటా" అన్నారు. అది నాకు పెద్ద ధైర్యం.

పోయిన ఆదివారం రాత్రి ఒకటిన్నరకు మొదలుపెట్టాం. గద్వాల అన్న చెప్పిన వరుసే. మొదట నకిరేకల్. దూరం కొస మార్చగానే లూప్‌బ్యాక్ లాగిన్ పోయింది. తెలిసి కూడా గుండె ఒకసారి ఆగింది. మా తమ్ముడు అప్పటికే నల్గొండ రౌటర్ నుంచి లింకు ఐపీలో కూర్చుని ఉన్నాడు. ఇటు కొస మార్చాం, ఫుల్, పక్కన గీత, రూట్లు వచ్చాయి. ఐదు లింకులకు గంటా పది నిమిషాలు పట్టింది. మూడో లింకు దగ్గర తుంగతుర్తి_టెక్ చెప్పినట్టు మాస్క్‌లు కూడా ఒకసారి సరిచూశాం, అన్నీ బాగానే ఉన్నాయి.

చివర్లో నకిరేకల్ రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాం. పోర్టు లైటు వెలిగినప్పటి నుంచి రూట్లు వచ్చేదాకా ఆరు సెకన్లు. డేటాబేస్‌లో టైప్ 2 ఎల్‌ఎస్‌ఏలు ఏడు ఉండేవి, ఇప్పుడు రెండు: ఆఫీసు స్విచ్‌ది ఒకటి, దేవరకొండ టవర్‌ది ఒకటి. ఆఫీసుది అలాగే ఉంచి ప్రయారిటీలు రాశాం.

గద్వాల_గిగాబిట్
లైన్‌మన్‌ను లేపకుండా అయిపోయింది, అది చాలు.

వనపర్తి_వైర్‌లెస్
టవర్ ఎప్పుడు?

నల్గొండ_కేబుల్_నెట్
వచ్చే ఆదివారం. మూడు ఊళ్లు స్టాటిక్, రెండు ఊళ్లు పాయింట్-టు-మల్టీపాయింట్, టైమర్లు 10, 40 రెండు వైపులా. లీజు లింకు మీద బీఎఫ్‌డీ కూడా అదే రాత్రి. టవర్ ఎక్కాల్సి వస్తుందేమోనని మనిషిని మాట్లాడి పెట్టా.

వనపర్తి_వైర్‌లెస్
ఎక్కే పని పడదు. ఊళ్ల రౌటర్లు ముందు, టవర్ చివర.